ముందు దిగే వేళ చూసుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. వచ్చి ఏడాది అయింది. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి, అప్పు తీసుకుని పంపించారు. ఈ ఏడాదంతా క్లాసులు, లైబ్రరీ, శనివారాలు ఒక బేకరీలో పార్ట్‌టైమ్ పని, మళ్లీ గది. అంతకు మించి ఏమీ చూడలేదు. అక్టోబరు చివరి వారాంతంలో నా తోటి విద్యార్థులు ముగ్గురు గార్మిష్ వెళ్దామంటున్నారు. జర్మనీలోకెల్లా ఎత్తయిన త్సుగ్‌ష్పిట్సె శిఖరాన్ని శనివారం నడిచి ఎక్కి, కేబుల్ కారులో దిగి, రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చూసి రావాలని వాళ్ల ఆలోచన. నాకు వెళ్లాలనే ఉంది. ఫోనులో మాటవరసకు అంటే నాన్న "చదువుకోవడానికి పంపించాం, తిరగడానికి కాదు" అన్నారు. జారిపడితే అక్కడ ఎవరు దిక్కని అమ్మ భయం. చెప్పకుండా వెళ్లి వచ్చేస్తే ఎవరికీ బాధ ఉండదేమో అనిపిస్తోంది. నా దగ్గర మామూలు గుడ్డ బూట్లు తప్ప కొండెక్కే బూట్లు కూడా లేవు. వెళ్లమంటారా, మానుకోమంటారా?
— ఒక చెల్లి, మ్యూనిక్

సమాధానం:

వెళ్లు చెల్లీ. అయితే నీ స్నేహితులు వేసిన పథకం చింపేసి, వేరేది వేసుకుని వెళ్లు.

ఎందుకో లెక్కతో చెబుతాను, నువ్వు ఇంజనీరింగ్ పిల్లవై ఉంటావని నా అనుమానం. జర్మనీలో కొండదారి ఎంతసేపు పడుతుందో అంచనా కట్టడానికి ఒక పద్ధతి ఉంది. గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కుతామని, 500 మీటర్లు దిగుతామని, చదునుగా అయితే 4 కిలోమీటర్లు నడుస్తామని అనుకుంటారు. ఎత్తుకు ఎన్ని గంటలు, దూరానికి ఎన్ని గంటలు అని విడివిడిగా లెక్కేసి, రెండింటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలుపుతారు. ఇప్పుడు మీ కొండకు ఇది వేసి చూడు. గార్మిష్ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. శిఖరం 2,962 మీటర్లు. అంటే ఎక్కాల్సింది 2,250 మీటర్లకు పైనే, ఏడున్నర గంటలు. అన్నిటికంటే తేలిక అని పేరున్న రైన్‌టాల్ లోయ దారి 20 కిలోమీటర్లు దాటుతుంది, అది అయిదు గంటల పైమాట. కలిపితే పది గంటలు. భోజనానికి, ఫోటోలకు, బూటు లేసు కట్టుకోవడానికి ఆగే సమయం ఇందులో లేదు.

ఆ రోజుల్లో అక్కడ తెల్లవారేసరికి ఏడూ ముప్పావు అవుతుంది. ఎనిమిదికి బయలుదేరినా పైకి చేరేది సాయంత్రం ఆరుకు, సరిగ్గా సూర్యుడు అస్తమించే వేళకు. చివరి కేబుల్ కారు అయిదు లోపే దిగిపోతుంది. పైగా శరదృతువులో ఈ కేబుల్ కార్లను కొన్ని రోజులు మరమ్మతు కోసం పూర్తిగా ఆపేస్తుంటారు. దారిలో తలదాచుకోవడానికి ఉండే కొండ విడుదులు చాలావరకు అక్టోబరు మధ్యకల్లా తాళం వేసుకుంటాయి. ఆఖరి భాగమంతా ఇనుప తాళ్లు పట్టుకుని ఎక్కే రాతి చరియ, ఆ నెలలో దాని మీద మంచు ఉండే అవకాశమే ఎక్కువ. యోసెఫ్ నౌస్ అనే సైనికాధికారి పటం గీసే పనిమీద వచ్చి, 1820లో ఈ శిఖరం ఎక్కాడు. మొదటిసారి ఎక్కినట్టు రాతలో దొరికేది ఆయన పేరే. ఆయన కూడా ఆగస్టులో ఎక్కాడు, అక్టోబరు ఆఖరున కాదు.

నేనూ ఒకప్పుడు మీలాగే పథకం వేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చదువుకునే రోజుల్లో, ఇలాంటి గుడ్డ బూట్లతోనే, ఇంతకంటే చాలా చిన్న కొండ ఎక్కాను. ఎక్కడం బాగానే సాగింది. పైన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. ఎక్కేటప్పుడు పరీక్ష ఊపిరికి, దిగేటప్పుడు మోకాళ్లకు అని అప్పటిదాకా నాకు తెలియదు. బీచ్ అనే జాతి చెట్ల అడవిలో రాలిన ఆకులు తడిసి, సబ్బు ముక్కల్లా ఉన్నాయి. రెండు గంటల్లో దిగుతామనుకున్నది నాలుగు గంటలు పట్టింది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఫోను వెలుగులో తారు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు నడిచి స్టేషన్ చేరాం. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ చీకటిలో నడిచినంతసేపూ నా మనసులో ఉన్నది ఒకటే: నేను ఇక్కడ ఉన్నానని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే కొండ పేరు ముందు తేల్చకండి. రాత్రి తిరుగు రైలు ఎన్నింటికో చూడండి. దానికి ముందున్న రైలునే మీ ఆఖరి రైలు అనుకోండి. అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఎన్నింటికి స్టేషన్‌లో ఉండాలి, ఎన్నింటికి దిగడం మొదలుపెట్టాలి, ఆ వేళకు ఎక్కడిదాకా వెళ్లగలం అని. ఆ లెక్కలో ఇమిడే కొండే ఆ రోజుకు మీ కొండ. వెనక్కి తిరిగే గంట ఫలానా అని పొద్దున రైలులోనే నలుగురూ ఒప్పుకోవాలి. పైన గాలి తగిలి, శిఖరం ఇంకో అరగంటే అనిపించినప్పుడు ఎవరి మాటా ఎవరూ వినరు.

నన్నడిగితే ఆ రోజుకు పార్ట్‌నాఖ్‌క్లామ్ అనే ఇరుకు లోయ సరిపోతుంది. గార్మిష్‌లో రైలు దిగి, ఊరి మీదుగా స్కీ స్టేడియం వైపు నడవండి. ఆ ఊరిది ఒక తమాషా కథ. గార్మిష్, పార్టెన్‌కిర్షెన్ రెండు వేరువేరు ఊళ్లు. 1936 శీతాకాల ఒలింపిక్స్ కోసం 1935లో రెంటినీ కలిపేశారు. అందుకే స్టేషన్ బోర్డు మీద అంత పొడుగు పేరు. స్టేడియం దాటి కాసేపు నడిస్తే కొండ నడిమికి చీలినట్టు ఆ లోయ వస్తుంది. పొడవు 700 మీటర్లు, రెండు వైపులా గోడలు కొన్నిచోట్ల 80 మీటర్ల ఎత్తు. అడుగున పార్ట్‌నాఖ్ నది. ఒకప్పుడు కట్టెలు కొట్టేవాళ్లు దుంగలను ఈ నీటిలో వదిలి కిందికి చేర్చుకునేవారు. ఇప్పుడు రాతిలో తొలిచిన నడకదారి ఉంది. వాన లేకపోయినా పైనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, టోపీ ఉన్న జాకెట్ వేసుకో. లోపల నీటి హోరులో పక్కనున్నవాళ్ల మాట కూడా వినిపించదు. ఏడాదిగా బేకరీ గంటలు, అసైన్‌మెంట్ గడువులు తప్ప ఏమీ వినని చెవులకు ఆ హోరు మంచిదే.

లోయ దాటాక ఓపిక ఉంటే ఎక్‌బావర్ అనే గుట్ట మీదికి దారి ఉంది, ఎత్తు 1,240 మీటర్లకు కాస్త తక్కువ. ఇందాకటి లెక్కే వేసుకో. ఊరినుంచి ఎక్కేది అయిదు వందల మీటర్ల పైచిలుకు, రెండున్నర గంటలు. పదింటికి మొదలుపెట్టినా ఒంటిగంటకు పైన కూర్చుని డబ్బా విప్పవచ్చు. త్సుగ్‌ష్పిట్సె ఉన్న కొండల వరుస ఎదురుగానే కనిపిస్తుంది. ఎక్కలేదన్న వెలితి నీ స్నేహితులకు ఉంటే, కింద ఐబ్‌సే సరస్సునుంచి శిఖరానికి 2017 డిసెంబరులో మొదలైన కేబుల్ కారు ఉంది. ఒకే ఒక స్తంభం, దాని ఎత్తు 127 మీటర్లు. ఆ స్తంభం దాటాక శిఖరం దాకా 3 కిలోమీటర్లకు పైగా తీగ మధ్యలో ఏ ఆధారమూ లేకుండా సాగుతుంది. చూడదగ్గదే. కానీ ఆ టికెట్ డబ్బుతో నువ్వు వారం రోజులు వండుకు తినవచ్చు. నా మాటకేం గానీ, ఉద్యోగం వచ్చాక అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లతో కలిసి ఎక్కు.

దారి మొదట్లో పసుపు బోర్డులు ఉంటాయి. వాటిమీద చిన్న చుక్క ఉంటుంది. నీలం అయితే తేలిక, ఎరుపు అయితే మధ్యరకం, నలుపు అయితే కష్టం. నీ బూట్లకు నీలం చుక్కే, అదీ నేల పొడిగా ఉంటే. ఎరుపు చుక్క దారికి అడుగు గట్టిగా పట్టే, చీలమండ కప్పే బూట్లు ఉండాలి. కొత్తవి కొనమనను. సీనియర్ల దగ్గర అడుగు, పాతవి అమ్మేవాళ్ల దగ్గర చూడు. ముందురోజు వాటితో క్యాంపస్ అంతా ఒక చుట్టు నడిచి చూసుకో, కాలు కొరికే బూటు కంటే గుడ్డ బూటే నయం. ఇకముందు కూడా వెళ్తావనుకుంటే, జర్మన్ ఆల్పైన్ క్లబ్ 1869లో పుట్టింది మీ మ్యూనిక్‌లోనే. దాని శాఖలు సభ్యులకు సామగ్రి అద్దెకిస్తాయి, సభ్యత్వంలోనే కొండల్లో రక్షణ ఖర్చుల బీమా కూడా ఉంటుంది. మ్యూనిక్ విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి నడిచే విద్యార్థి క్రీడా కేంద్రంలో కొండ నడక నేర్పే శిక్షణ తరగతులూ ఉంటాయి. తెలిసినవాళ్ల వెంట నాలుగుసార్లు వెళ్తే, ఈ ఉత్తరంలో నేను చెప్పేవన్నీ నీకు పాతవైపోతాయి.

చలి సంగతి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మ్యూనిక్‌లో 12 డిగ్రీలు ఉన్న రోజు త్సుగ్‌ష్పిట్సె మీద సున్నాకు కింద నాలుగు, గాలి కోత వేరే. ఎక్‌బావర్ మీద అంత ఉండదు గానీ, చెమటపట్టిన నూలు చొక్కాతో గాలిలో కూర్చుంటే పళ్లు కొట్టుకుంటాయి. సంచిలో ఆరిన చొక్కా ఒకటి పెట్టుకో. ఇంకొక మాయ ఉంది. శరదృతువులో ఒక్కోరోజు మ్యూనిక్ మేడల మీదినుంచి ఆల్ప్స్ పక్క వీధిలో ఉన్నంత దగ్గరగా కనిపిస్తాయి, స్వెట్టర్ తీసేయాలనిపించే ఎండ. దాన్ని ఫ్యోన్ అంటారు. దక్షిణపు గాలి కొండలకు ఆవల వాన కురిపించేసి, ఇవతలికి దిగుతూ వేడెక్కి, పొడిగా వచ్చిపడుతుంది. కొందరికి తలనొప్పి తెస్తుంది, అందరికీ ధైర్యం తెస్తుంది. ఆ గాలి ఆగిందంటే కొన్ని గంటల్లోనే చలీ వానా, ఎత్తులో మంచూ దిగుతాయి. కాబట్టి గురువారం ఎండ చూసి శనివారం బట్టలు సర్దుకోకు. శుక్రవారం రాత్రి కొండ వాతావరణం చూడు. అదే చేత్తో గార్మిష్ రైలు ఆ రోజు నడుస్తోందో, పట్టాల పని వల్ల రైలుకు బదులు బస్సు వేశారో కూడా చూడు.

తిండికి పులిహోరను మించినది లేదు. చల్లారినా రుచి మారదు, కారదు, చెంచా లేకపోయినా తినవచ్చు. పైన నిన్ను చూసి జర్మన్లు పలకరిస్తారు, జవాబు చెప్పు. ఊళ్లో లిఫ్టులో కూడా మాట్లాడని మనుషులు దారిలో ఎదురైతే "గ్రూస్ గాట్" అంటారు. వెయ్యి మీటర్లు దాటాక "మీరు" ఉండదు, అందరూ "నువ్వు"లే అని వాళ్లలో ఒక మాట ఉంది. మర్యాదల విషయంలో మనకంటే బిగువైన భాష వాళ్లది, దానికి కూడా ఎత్తు మీద సడలింపు ఉంది చూడు.

ప్రమాదం మాట అమ్మ ఎత్తింది కాబట్టి చెప్పాలి. అత్యవసర నంబరు 112. ఫోను అందకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల గానీ వెలుగు గానీ, ఒక నిమిషం ఆపి మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకో, పటం ముందే దింపుకో. కొండల్లో రక్షించేది బెర్గ్‌వాఖ్ట్ అనే సంస్థ, అందులో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. దెబ్బ తగిలితే వైద్య అవసరం కింద ఆరోగ్య బీమా చూసుకుంటుంది. ఏ దెబ్బా లేకుండా అలసిపోయో, దారి తప్పో పిలిస్తే బిల్లు నీకు రావచ్చు. బిల్లుకు భయపడి పిలవకుండా మాత్రం ఉండకు. ఆ పరిస్థితి రాకుండానే, రెండు గంటల ముందే వెనక్కి తిరగడం నీ చేతిలో ఉంది.

ఇన్స్‌బ్రుక్ మానేయండి. ఒకే వారాంతంలో కొండా కావాలి, పరదేశమూ కావాలి అంటే రెంటినీ రైలు కిటికీలోంచే చూస్తారు. గార్మిష్ మ్యూనిక్‌నుంచి గంటన్నర లోపు ప్రయాణం, శనివారం రాత్రికే ఇల్లు చేరితే గది అద్దె మిగులుతుంది. మరో వారం వెళ్తే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అసలువి వెంట ఉండాలి, ఫోనులో ఫోటోలు చెల్లవు. సరిహద్దులో తనిఖీలు జరుగుతున్నాయి. కార్డు గడువు ముగిసి కొత్తది చేతికి రాకపోతే, విదేశీయుల కార్యాలయాన్ని అడగకుండా దేశం దాటకు.

ఇక నాన్న సంగతి. ఆయన మాటలో కోపం కంటే లెక్క ఎక్కువ ఉందని నాకనిపించింది. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్న మనిషికి నిద్రలో కూడా వడ్డీ తిరుగుతుంటుంది. ఆయనకు లెక్కతోనే జవాబు చెప్పు. వీసా కోసం ముందే డబ్బు కట్టిన బ్లాక్డ్ అకౌంట్‌నుంచి నీకు నెలకు వచ్చేది 992 యూరోలని ఆయనకు బాగా తెలుసు. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ నీ దగ్గర ఉంటే, గార్మిష్ దాకా ప్రాంతీయ రైళ్లలో అదే చెల్లుతుంది. లోయ ప్రవేశ రుసుము చిన్నది. తిండి ఇంటిది. నీకు నిజంగా అయ్యే ఖర్చు వేరే ఉంది, అది నీ ఉత్తరంలో లేదు. ఆ శనివారం బేకరీ జీతం పోతుంది. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. ఆరు గంటల పని అయితే 83 యూరోలు. దాన్ని దాచకుండా నాన్నతో చెప్పు, ఎప్పుడు ఎలా పూడుస్తావో కూడా చెప్పు. విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులకు మించి పని చేయకూడదని అక్కడి చట్టమే అంటోంది. అంటే మిగతా రోజులు నువ్వు వేరే ఏదో చేస్తావనే కదా. ఏడాదిలో ఒక్క రోజు ఊరు దాటిన పిల్లను చదువు మానేసి తిరుగుతోందని ఏ తండ్రీ అనడు. అన్నా, పరీక్ష ఫలితాలు వచ్చేదాకానే. ఆ వారం పరీక్షో ప్రాజెక్టు గడువో ఉంటే మాత్రం ఆయనదే న్యాయం, ఇంకో వారం చూసుకో.

చెప్పకుండా వెళ్తే ఎవరికీ బాధ ఉండదు అన్నావు. ఉంటుంది, నీకు. పైన నిలబడి ఫోటో తీసుకుని, దాన్ని ఎవరికీ పంపలేక ఫోనులో దాచుకుంటావు. నేను ఆ రాత్రి సంగతి మా అమ్మకు చెప్పడానికి రెండేళ్లు పట్టింది. ఆమె తిట్టలేదు. "ఆ రోజు ఏం తిన్నావు?" అని మాత్రం అడిగింది. నాకు జవాబు గుర్తులేదు.

శుక్రవారమే ఫోన్ చేసి అమ్మకు చెప్పు. ఎక్కడికి, ఎవరితో, ఏ రైలు, ఎన్నింటికి తిరిగి వస్తావో చెప్పి, వెంట వచ్చేవాళ్లలో ఒకరి నంబరు ఇవ్వు. గదికి చేరగానే ఫోన్ చేస్తానని మాట ఇచ్చేటప్పుడు గడియారం చూసుకో. శనివారం నీకు రాత్రి ఏడు అయితే అమ్మకు పదిన్నర. మీరు నా మాట కాదని ఆదివారం వెళ్లారే అనుకో, అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది, నీ ఏడు అమ్మకు పదకొండున్నర అవుతుంది. పడుకోమంటే పడుకోదు. గార్మిష్‌లో రైలెక్కి కూర్చోగానే చేసేయ్.